డబ్బాలో ముదిరే పొగాకు

పాతబడినకొద్దీ విలువ పెరిగే వస్తువులు కొన్ని ఉన్నవి. పాత బియ్యం, పాత చింతకాయ పచ్చడి తెలుగు ఇండ్లలో జ్వరపడి లేచినవారికి పథ్యం. పాశ్చాత్య దేశాలలో పైపు త్రాగే రసికులు ఈ వరుసలో పొగాకును కూడా చేర్చారు. మూత బిగించిన రేకు డబ్బాపై తేదీ వ్రాసి, చల్లని చీకటి అలమరలో ఐదేండ్లు, పదేండ్లు కదలనీయక ఉంచుతారు. కొనడం నేడు, కాల్చడం ఎన్నడో!

ఇది వట్టి చాదస్తమని కొట్టివేయరాదు. డబ్బాలో చిక్కిన కొద్దిపాటి గాలి, ఆకులోని తేమ మెల్లగా పనిచేస్తవి. చక్కెరలు తక్కిన పదార్థాలతో కలిసి కొత్త వాసనలను పుట్టిస్తవి. రంగు ముదురుతుంది, పచ్చి ఘాటు తగ్గుతుంది. ఈ నిరీక్షణ వర్జీనియా ఆకుకు బాగుగా కలిసివస్తుంది. గుంటూరు, ప్రకాశం సీమల రైతులు బ్యారన్లలో వేడికి ఆరగట్టేది ఈ జాతినే. త్వరగా ఆరడం చేత దానిలో చక్కెర నిలుస్తుంది. పొగ పట్టించిన లటాకియా మాత్రం ఏండ్లు గడిచినకొద్దీ తన కమురు వాసనను కోల్పోతుంది. ఇక డబ్బాకు తుప్పు పట్టి సూదిమొనంత రంధ్రం పడితే చాలు, ఆకు ఎండి పొడి అవుతుంది.

2018లో అమెరికాలోని కాన్సాస్ సిటీలో మెక్లెలండ్ పొగాకు సంస్థ మూతపడింది. కోరిన నాణ్యతగల ఆకు దొరకడం కష్టమైనదని చెప్పింది. దాని డబ్బాలు ఇక పుట్టవు గనుక, దాచినవారి అలమరలకు గిరాకీ పెరిగింది. తెరిస్తే తరుగుతుంది, తెరవకుంటే రుచి తెలియదు. లోభి ధనానికి పట్టిన గతే ఇది కాబోలు!

అయితే ‘పక్వమైన పొగాకు’ అనే మాటలో ఒక భ్రమ ఉన్నది. పాత బియ్యం తేలికగా జీర్ణమవుతుంది. ఆ మార్పు దేహానికి మేలు. పొగాకులో మార్పు ముక్కుకు, నాలుకకే పరిమితం. ఘాటు తగ్గినంత మాత్రాన నికోటిన్ తొలగిపోదు. పైగా గాలికి ఆరవేసిన బర్లీ వంటి ఆకు వెచ్చని గోదాములలో నిలువ ఉన్నప్పుడు, క్యాన్సరు కారకాలైన నైట్రోసమీన్లు పెరుగుతవి. తమకు పొగను లోనికి పీల్చే అలవాటు లేదని పైపు ప్రియులు వాదిస్తారు. పీల్చకపోయినా నోటికి, గొంతుకు క్యాన్సరు వచ్చునని వైద్యశాస్త్రం నిర్ధారించింది. ఆ నిర్ధారణలో పాత డబ్బాకు మినహాయింపు లేదు.