కరెంటు లేని అడ్రసు

ప్రియమైన తమ్ముళ్ళకు,

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగారు. కవిత్వం నాకు రాదు. ఉపన్యాసం మీకు నచ్చదు. అందుకని ఒకే ఒక ఇంగ్లీషు మాట గురించి రాస్తాను. ఆ మాట 'కరెంట్'. ఇది తెలియనివాడు మన హాస్టల్లో ఎవడుంటాడని నవ్వుకోకండి. తెలుసుననుకోబట్టే నేను దెబ్బతిన్నాను.

1998లో పదో తరగతి పాసై పైచదువు సీటు కోసం ఒక ఫారం నింపాను. 'పర్మనెంట్ అడ్రస్' అన్నచోట మా ఊరు, మండలం, జిల్లా రాశాను. దాని కిందే 'కరెంట్ అడ్రస్' అని ఉంది. మాది సముద్రం ఒడ్డు పల్లె. పూరిల్లు. మీటరు లేదు, తీగ లేదు, రాత్రయితే కిరసనాయిలు బుడ్డి. కాబట్టి నిజాయితీగా 'నిల్' అని రాశాను. కిటికీ దగ్గరున్న గుమాస్తా అది చూసి, పక్క గుమాస్తాకు వినబడేలా గట్టిగా చదివాడు. వరుసలో నిలబడినవాళ్ళంతా నవ్వారు. మా నాయన నా పక్కనే ఉన్నాడు. ఎందుకు నవ్వుతున్నారో ఆయనకు తెలియదు. అందరూ నవ్వుతున్నారని ఆయనా నవ్వాడు.

అది నేను ఇప్పటికీ మరచిపోలేదు. సీటు పోలేదు, ఫారం మళ్ళీ రాసిచ్చాను. పోయింది నా నోరు. ఆ తర్వాత రెండేళ్ళు క్లాసులో ఒక్క సందేహం కూడా అడగలేదు. ఇప్పుడు నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతున్నాను. వెనక బెంచీలో నోరు మూసుకుని కూర్చున్న పిల్లవాణ్ణి చూస్తే, వీడికి ఏ కిటికీ దగ్గర ఏం జరిగిందో అనిపిస్తుంది.

తప్పు ఎక్కడుంది? నాకు తెలివి లేక కాదు. మాకు స్టడీ అవర్లో రోజుకు పది మాటలు బట్టీ పట్టించేవాళ్ళు. ఒక్కో మాటకు ఒక్కటే అర్థం. కరెంట్ అంటే విద్యుత్తు, అంతే. అసలు చిక్కు ఏమిటంటే, తెలుగులోకి వచ్చిన ఇంగ్లీషు మాట తన మిగతా అర్థాలన్నీ అక్కడే వదిలేసి, ఒక్క అర్థంతో మన ఇంటికొస్తుంది. అందుకే తెలియని మాటకంటే తెలుసుననుకున్న మాటే ఎక్కువ మోసం చేస్తుంది.

ఈ మాటకు మూలం లాటిన్‌లో 'పరుగెత్తు' అనే అర్థమున్న క్రియ. అది పట్టుకుంటే మిగతావన్నీ వరసగా వస్తాయి. నీళ్ళు పరుగెత్తితే కరెంట్. తీగలో విద్యుత్తు పరుగెత్తితే కరెంట్. కాలం పరుగులో ఇప్పుడు నడుస్తున్నదీ కరెంటే. చేతులు మారుతూ పరుగెత్తే డబ్బు కరెన్సీ. కొరియర్, కారిడార్, కరిక్యులం కూడా ఆ మూలం నుంచి వచ్చినవే. ఇవి చూసి రాసుకోండి:

కరెంట్ అడ్రస్ – ఇప్పుడు ఉంటున్న చిరునామా. మీకైతే ఈ హాస్టలే.
కరెంట్ అఫైర్స్ – వర్తమాన విషయాలు. గ్రూప్స్ పరీక్షలకు చదివే అన్నలను అడగండి.
కరెంట్ అకౌంట్ – వ్యాపారులు రోజూ డబ్బు వేసి తీసే బ్యాంకు ఖాతా. మామూలుగా దీనికి వడ్డీ ఉండదు.
ఓషన్ కరెంట్ – సముద్రంలో నీటి ప్రవాహం.
అండర్ కరెంట్ – పైకి కనబడని లోపలి ప్రవాహం. ఎన్నికలప్పుడు టీవీల్లో వినే ఉంటారు.

ఇదే ఉచ్చారణతో, 'ఇ' స్థానంలో 'ఎ' అక్షరంతో మరో మాట ఉంది. దానికి చిన్న ఎండు ద్రాక్ష అని అర్థం. అది గ్రీసులోని కొరింత్ నగరం పేరు మీద వచ్చింది. దానికీ పరుగుకూ సంబంధం లేదు.

ఇక పర్యాయపదాలు. కరెంట్‌కు ప్రెజెంట్, ఫ్లో, స్ట్రీమ్, ఎలక్ట్రిసిటీ, పవర్ అని చాలా చెబుతారు. కానీ అన్నీ అన్నిచోట్లా అతకవు. ఒకటి తీసి ఇంకొకటి పెట్టి చూడండి. 'ప్రెజెంట్ అడ్రస్' బాగానే ఉంది. 'ఎలక్ట్రిసిటీ అడ్రస్' అంటే మళ్ళీ నా కథే. మనం 'కరెంటు బిల్లు' అంటాం. ఇంగ్లీషువాడు దాన్ని 'ఈసారి బిల్లు' అనుకుంటాడు, అతనికి 'ఎలక్ట్రిసిటీ బిల్' అని చెప్పాలి. 'కరెంటు పోయింది' అన్నా అంతే, అక్కడ 'పవర్' అనాలి. మన తీరంలోనే, కృష్ణపట్నం దగ్గర నేలటూరులో, దామోదరం సంజీవయ్య గారి పేరున్న థర్మల్ కేంద్రం ఉంది. ఒక్కో యూనిట్ 800 మెగావాట్లు. దాన్ని 'పవర్ స్టేషన్' అంటారు గాని 'కరెంట్ స్టేషన్' అనరు. ఎందుకంటే సైన్సులో పవర్ వేరు, కరెంట్ వేరు. పవర్‌ను వాట్లలో, కరెంట్‌ను ఆంపియర్లలో కొలుస్తాం. 1960 నుంచి 1962 దాకా ముఖ్యమంత్రిగా ఉన్న సంజీవయ్య గారు ఆ పదవికి వచ్చిన మొదటి దళితుడు, మన రాష్ట్రంలోనే కాదు, దేశంలోనే. ఆయన పేరుతో వెలిగే దీపం కింద చదివే మనం ఆ మాట పూర్తి అర్థం తెలియకుండా ఉండకూడదు కదా.

సముద్రం సంగతీ చెప్పాలి. మన తూర్పు తీరం వెంట ఒక పెద్ద ప్రవాహం ఉంది. ఈస్ట్ ఇండియా కోస్టల్ కరెంట్ అంటారు. సుమారు ఫిబ్రవరి నుంచి మే దాకా అది ఉత్తరానికి సాగుతుంది, అక్టోబరు నుంచి డిసెంబరు ప్రాంతాల్లో దక్షిణానికి తిరుగుతుంది. ఇళ్ళలోని ఏసీ కరెంటూ అటూ ఇటూ తిరిగేదే, కాకపోతే సెకనుకు 50 ఆవృత్తులు. ఈ పోలిక చెబితే మైపాడు, తూపిలిపాలెం వైపు పిల్లలు ఏసీ అంటే ఏమిటో వెంటనే పట్టుకుంటారు. వేటకు పోయే తండ్రి దగ్గర నీటి లాగుడు గురించి విన్న పిల్లవాడికి, ఇంట్లో బల్బు లేకపోయినా, కరెంట్ అనే మాట సగం అప్పటికే తెలుసు. ఆ సంగతి నాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు.

అనేక అర్థాలంటే భయపడొద్దు. మనకిది కొత్త కాదు. 'పోటు' అనే మాట చూడండి. సముద్రానికి పోటు వస్తుంది. తలపోటు వస్తుంది. కత్తిపోటు ఉంది, వెన్నుపోటు ఉంది. తిరుమలలో వంటశాలను పోటు అంటారు. పోటులో లడ్డూ చేస్తారంటే సముద్రంలో చేస్తారని ఏ పిల్లవాడూ అనుకోడు. పక్కనున్న మాటలే అర్థం చెబుతాయి. తెలుగులో ఇంత సులువుగా చేసేవాళ్ళం ఇంగ్లీషు దగ్గరకొచ్చేసరికి పక్కమాటను చూడకుండా బట్టీ పడుతున్నాం.

కాబట్టి నా అభిప్రాయం చెబుతాను. రోజుకు పది మాటలు మానేయండి. ఒకే మాట తీసుకుని అయిదు వాక్యాల్లో వాడండి. 'ఛార్జ్' తీసుకోండి, 'క్లాస్' తీసుకోండి. మన 'బస్ ఛార్జీ'ని ఇంగ్లీషులో 'ఫేర్' అంటారని ఎంతమందికి తెలుసు? డిక్షనరీ బీరువాలో తాళం వేసి ఉంచకుండా స్టడీ హాల్లో బల్ల మీద పెట్టమని వార్డెన్ సార్‌ని అడగండి. అట్ట ఊడితే మా పూర్వ విద్యార్థులం కొత్తది కొనిస్తాం. పదో తరగతి పిల్లలకు ఏడాదికొకసారి బ్యాంకు ఫారం, స్కాలర్‌షిప్ ఫారం, దరఖాస్తు ఫారం నింపడం అన్నలు దగ్గరుండి నేర్పాలి. పరీక్షలో వచ్చే మాటకంటే ఫారంలో వచ్చే మాట మనవాళ్ళను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది. ఎవడైనా తప్పు చెబితే నవ్వకండి. ఎందుకలా అనుకున్నావని అడగండి. ఆ రోజు ఆ గుమాస్తా ఒక్కసారి అడిగి ఉంటే, 'అయ్యా, మా ఇంట్లో కరెంటు లేదు' అని చెప్పేవాణ్ణి. అప్పుడు నవ్వేవాడో లేదో!

హాస్టల్ వార్షికోత్సవ శుభాకాంక్షలతో,

మీ అన్న,
ఒక పూర్వ విద్యార్థి