సొమ్మొకడిది, సోకొకడిది!

అందరి మెయింటెనెన్స్ డబ్బుతో అపార్ట్‌మెంట్‌లో జిమ్ పెట్టి, కొందరికే తాళం ఇస్తే ఊరుకుంటామా? అమెరికాలోని ఫ్లోరిడాలో జరిగేది అదే. అక్కడ పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ‘క్లోజ్డ్’. మామూలుగా ఆ పార్టీ పేరుతో రిజిస్టరైన వాళ్లకే ఓటు. పోలింగ్ ఖర్చు మాత్రం ప్రజల పన్నుల్లోంచే! ఏ పార్టీలోనూ లేని 30 లక్షల మందికి పైగా ఓటర్లు డబ్బు కట్టి బయట నిలబడాలి. ఒకే పార్టీకి పట్టున్న సీట్లలో ప్రైమరీ గెలిస్తే సీటు గెలిచినట్టే. ఇక నవంబర్ ఓటు లాంఛనం.

2020లో రాష్ట్ర పదవుల ప్రైమరీలను అందరికీ తెరవాలని 57 శాతం మంది ఓటేశారు. కావాల్సింది 60. అంతే, తలుపు తెరుచుకోలేదు.

‘మా అభ్యర్థి, మా ఇష్టం’ అంటాయి పార్టీలు. 2000లో కాలిఫోర్నియా కేసులో సుప్రీంకోర్టూ ఆ హక్కును ఒప్పుకుంది. సరే బాసూ, హక్కు మీదే. మరి బిల్లు కూడా మీరే కట్టండి!