పెద్ద ఫ్యూజు కాదు నాన్నా, ఒక రిలే

సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్తే నాన్న కారు చూసి ఎగిరి గంతేశాను. సెకండ్ హ్యాండ్ కారే, కానీ కొత్త స్టీరియో, డిక్కీలో బాస్ ట్యూబ్, వెనక సీటుకి స్క్రీన్, కాళ్ళ దగ్గర నీలం లైట్లు. రెండ్రోజుల తర్వాత రాత్రిపూట అమ్మమ్మ వాళ్ళ ఊరి నుంచి వస్తుంటే ప్లాస్టిక్ కాలిన వాసన. నాన్న బండి పక్కకి ఆపారు. తాళం పెట్టే చోట ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. వెనక సీట్లో చెల్లి నిద్రపోతోంది.

మర్నాడు విప్పి చూస్తే విషయం అర్థమైంది. తాళం తిప్పితే కరెంటు వచ్చే సన్నటి యాక్సెసరీ వైరు ఒకటుంటుంది. షాపతను అన్నిటికీ దాన్నుంచే కరెంటు లాగాడు. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని 10 ఆంపియర్లది తీసి 30 పెట్టాడట. "అప్పట్నుంచి ఒక్కసారి కూడా పోలేదు" అని నాన్న అతన్ని మెచ్చుకున్నారు కూడా!

ఇక్కడే నాకు కోపం వస్తుంది. ఫ్యూజు ఉన్నది పాట ఆగకుండా చూడ్డానికి కాదు, వైరు కాలకుండా చూడ్డానికి. వైరులో వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కరెంటు మూడు రెట్లయితే వేడి తొమ్మిది రెట్లు. ఇది మనందరం ఫస్టియర్‌లో రాసి మార్కులు తెచ్చుకున్న ఫార్ములానే. మా ఇంటి కారులో పనికొస్తుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

దీనికి సరైన మందు రిలే. తాళం తిప్పితే కొద్దిపాటి కరెంటు, పావు ఆంపియర్ కూడా ఉండదు, రిలేలోని కాయిల్‌ని అయస్కాంతం చేస్తుంది. అది లోపలి కాంటాక్టుని లాగుతుంది. అసలు కరెంటు మాత్రం బ్యాటరీ నుంచి లావుపాటి వైరులో నేరుగా వస్తుంది. తాళం చెప్పడం వరకే, మోసేది రిలే. అడుగున అంకెలుంటాయి: 85, 86 కాయిల్‌వి, 30కి బ్యాటరీ, 87 నుంచి సామాన్లకి. బ్యాటరీకి దగ్గర్లోనే ఫ్యూజు ఉండాలి, అదీ వైరు సైజుకి తగ్గది. స్టీరియో పసుపు వైరుని మాత్రం రిలే వెనక పెట్టకూడదు. దాన్ని ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకి ఇవ్వాలి. లేకపోతే బండి ఆపినప్పుడల్లా గడియారం, సెట్టింగులు పోతాయి.

"అదనపు ఖర్చు, పాడయ్యే వస్తువు ఇంకోటి" అంటారు. పాడవుతుంది, నిజమే. కానీ రిలే పాడైతే మామూలుగా పాట ఆగుతుంది, వైరు పాడైతే పొగ వస్తుంది. ఖర్చంటారా, మల్టీప్లెక్స్‌లో పాప్‌కార్న్ అంత ఉండదు. అలాగని ప్రతి కారుకీ రిలే పెట్టమనను. ఉత్త స్టీరియో ఒక్కటే మార్చుకుంటే అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. దాని ఎర్ర వైరు లాగే కరెంటు చాలా తక్కువ. ఒకే స్విచ్ మీద నాలుగు సామాన్లు ఎక్కించినప్పుడే రిలే కావాలి. యాంప్‌ని లేపే నీలం వైరుకి ఫ్యాన్లు, లైట్లు తగిలించినా అంతే. ఆ వైరు సిగ్నల్ కోసం, బరువు మొయ్యడానికి కాదు.

మన సీఎస్ఈ వాళ్ళకి ఇలాంటివంటే చిన్నచూపు, నాక్కూడా ఉండేది. కానీ 1941లో బెర్లిన్‌లో కొన్రాడ్ జూజ్ చేసిన జెడ్3 కంప్యూటర్ నడిచింది రెండు వేలకు పైగా రిలేలతోనే. మనం రాసే ఇఫ్ స్టేట్‌మెంట్‌కి ముత్తాత ఆ టిక్కుటిక్కు డబ్బానే.

అందుకే మీ ఇంట్లో ఎవరైనా కారుకి సామాన్లు పెట్టిస్తుంటే పక్కన నిలబడి మూడు ప్రశ్నలడగండి. కరెంటు ఎక్కడ్నుంచి తీస్తున్నారు? ఫ్యూజు ఎంతది? రిలే ఉందా? షాపతను విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి.

మేం మళ్ళీ వైరింగ్ చేయించాం. ఇప్పుడు తాళం తిప్పగానే డాష్‌బోర్డు కింద చిన్న 'టిక్' వినిపిస్తుంది. "నీ రిలే పలికిందిరా" అంటారు నాన్న. పాట ఆ తర్వాతే.