సున్నా తప్పితే సెన్సర్ మార్చాలా?

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కార్యదర్శి గారికి,

విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా కార్ల షెడ్డు నడుపుతున్నాను. వీల్ అలైన్‌మెంట్, స్టీరింగ్ పనులు మా దగ్గర ఎక్కువ. మరమ్మతు హక్కు కోసం మీ శాఖ 2022 జులైలో కమిటీ వేసిందనీ, అందులో వాహనాలు కూడా ఉన్నాయనీ చదివి సంతోషించినవాళ్లలో నేనూ ఒకణ్ణి. అదే ఏడాది డిసెంబరు 24న పోర్టల్ కూడా తెరిచారు. ఆ హక్కు మా షెడ్డు గుమ్మం దాకా వచ్చి ఎక్కడ ఆగిపోతోందో మీకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆగిపోయేది స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ దగ్గర. స్టీరింగ్ వెనక, ఎయిర్‌బ్యాగ్ వైర్లు చుట్టుకుని ఉండే క్లాక్ స్ప్రింగ్ దగ్గర ఉంటుందది. కొన్ని బండ్లలో పవర్ స్టీరింగ్ యూనిట్‌లోనే కలిసి ఉంటుంది. డ్రైవరు స్టీరింగ్ ఎటు, ఎన్ని డిగ్రీలు తిప్పాడో ఈఎస్‌సీకి, అంటే బండి జారకుండా చూసే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్‌కి, చెప్పడం దాని పని. వానలో మలుపు దగ్గర బండి జారితే, డ్రైవరు పోదామనుకున్న దారి వేరు, బండి పోతున్న దారి వేరు అని ఈఎస్‌సీ కనిపెట్టేది ఈ సెన్సర్ మాట మీదే. అప్పుడు ఏ చక్రానికి కావాలో ఆ చక్రానికే బ్రేకు వేసి బండిని దారిలో పెడుతుంది. కార్ల భద్రతకి స్టార్లు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్‌లో మూడు స్టార్లు, ఆపైన రావాలంటే ఈఎస్‌సీ ఉండి తీరాలి కాబట్టి ఇది పెద్ద కార్లవాళ్ల సంగతి మాత్రమే కాదు.

సెన్సర్‌కి 'నేరుగా' అంటే ఏదో తెలియాలి. అదే దాని సున్నా. స్టీరింగ్‌ని చక్రాలకు కలిపే టై రాడ్ ఎండ్లు మార్చినా, అలైన్‌మెంట్ చేసినా, క్లాక్ స్ప్రింగ్ విప్పి బిగించినా, కొన్ని బండ్లలో బ్యాటరీ తీసి పెట్టినా ఆ సున్నా తప్పిపోవచ్చు. మీటర్‌లో జారుతున్న కారు బొమ్మ పసుపుగా వెలుగుతుంది. చెడిపోయింది సెన్సరా, తప్పింది సున్నాయా అన్నది తేల్చడంలోనే ఉంది అసలు పనితనమంతా.

గుడివాడ నుంచి రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన వచ్చారు. ఊళ్లో టై రాడ్ ఎండ్లు మార్పించిన మర్నాడే లైటు వెలిగిందట. ఒక సర్వీస్ సెంటర్‌లో సెన్సరూ క్లాక్ స్ప్రింగూ మార్చాలని ముప్పై ఒక్క వేలకు ఎస్టిమేట్ రాసిచ్చారు. ఆ కాగితం నా చేతికిచ్చి, "మొన్నటిదాకా బాగానే ఉందిగా బాబూ, ఒక్కసారిగా ఇంత పాడైపోతుందా?" అన్నారు.

ముందు నాలుగు టైర్లలో గాలి, బ్యాటరీ వోల్టేజి చూశాం. బండిని నేరుగా నడిపి తెచ్చి ర్యాంపు మీద నిలిపాం. చక్రాలు తిన్నగా ఉన్నాయి, స్టీరింగ్ మాత్రం ఎడమకి ఒరిగి ఉంది. స్కానర్‌లో 11 డిగ్రీలు చూపిస్తోంది. మా కుర్రాడు స్టీరింగ్‌ని మెల్లగా కుడి చివరికీ, అక్కణ్ణుంచి ఎడమ చివరికీ తిప్పాడు. అంకె ఎక్కడా ఎగరలేదు, ఎక్కడా ఆగలేదు. చెయ్యి ఎంత తిరిగితే అదీ అంత తిరిగింది. సెన్సర్ పోయిందంటే అంకె మధ్యలో గెంతాలి, లేదా అసలు రాకూడదు. ఇది బాగున్న సెన్సర్. రెండు వైపులా టై రాడ్లు సర్ది స్టీరింగ్ తిన్నగా తెచ్చి, అలైన్‌మెంట్ మళ్లీ చేసి, చివర్లో స్కానర్‌తో సున్నా పెట్టాం. ఆ చివరి పనికి పట్టింది రెండు నిమిషాలు. బెంజ్ సర్కిల్ దాకా వెళ్లొచ్చాం, లైటు రాలేదు.

హ్యుందాయ్, కియా బండ్లలో సి1260 అనే కోడ్ వస్తే సెన్సర్ సిగ్నల్‌లో తేడా ఉందని. సి1261 వస్తే క్యాలిబ్రేషన్ కాలేదని మాత్రమే. మాస్టారి బండి ఈ రెండు కంపెనీలదీ కాదు గానీ, ఏ కంపెనీ బండికైనా చూడవలసిన తేడా ఇదే. ఈ తేడా కస్టమర్‌కి ఎవరూ చెప్పరు.

పోయిన వానాకాలం ఇంకో బండి వచ్చింది. అదే జబ్బు. స్కానర్ సున్నా పెట్టే చోటుదాకా తీసుకెళ్లి, కంపెనీ సర్వర్ లాగిన్ అడిగి ఆగిపోయింది. ఆ లాగిన్ మాలాంటివాళ్లకి ఎక్కడ దొరుకుతుందో చెప్పేవాళ్లు లేరు. లైటు వెలుగుతుండగానే బండిని పంపేశాను. ఆ బాధ నాకింకా ఉంది. పాత టయోటా బండ్లలో ఈ లాగిన్ గొడవ లేదు. ఇదే ఈఎస్‌సీకి పనిచేసే యా రేట్ సెన్సర్ (బండి ఎంత వేగంగా పక్కకి తిరుగుతోందో కొలిచేది) సున్నా పెట్టడానికి డయాగ్నస్టిక్ సాకెట్‌లో టీఎస్, సీజీ పిన్నులు చిన్న వైరు ముక్కతో కలిపేవాళ్లం. పుస్తకం చదివినవాడెవడైనా చేయగలిగేవాడు.

కంపెనీల భయం నాకు అర్థమవుతుంది. సున్నా తప్పుచోట పెడితే ప్రమాదమే. మొదట్లో ఒకసారి స్టీరింగ్ వంకరగా ఉండగానే నేను సున్నా పెట్టేశాను. లైటు ఆరిపోయింది. ట్రయల్‌లో మామూలు మలుపు దగ్గర ఒక చక్రానికి బ్రేకు దానంతటదే పట్టింది. పక్కన కూర్చున్న కుర్రాడు డాష్‌బోర్డు పట్టుకున్నాడు. ఆ రోజు నుంచి అలైన్‌మెంట్ కాగితం చేతిలో లేకుండా ఆ బటన్ ముట్టుకోను. అందుకే మాకు నేర్పమంటున్నాను, పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇవ్వమంటున్నాను. తాళం వేసేస్తే ఎవరూ నేర్చుకోరు, లైటు వెలుగుతున్న బండ్లు మాత్రం రోడ్డుమీద తిరుగుతూనే ఉంటాయి.

ఇది కొత్త కోరిక కూడా కాదు. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి రూ.2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలూ, డయాగ్నస్టిక్ పరికరాలూ బయటి మెకానిక్‌లకి అందుబాటులో ఉంచాలని అప్పుడే చెప్పింది. తర్వాత అప్పీళ్లు నడిచాయి. మేం మాత్రం ఇంకా లాగిన్ దగ్గరే ఉన్నాం.

మోడల్‌వారీగా ఈ సున్నా ఎలా పెట్టాలో మీ పోర్టల్‌లో పెట్టించండి. ఒక్క రోజుకి, ఒక్క బండికి లాగిన్ కొనుక్కునే వీలు కల్పించండి, డబ్బు కడతాం. అన్నిటికంటే ముందు ఇంకొకటి చేయండి. సెన్సర్ మార్చాలని ఎస్టిమేట్ రాసే ప్రతి సర్వీస్ సెంటరూ, మా షెడ్డుతో సహా, స్టీరింగ్ తిన్నగా ఉన్నప్పుడు ఎన్ని డిగ్రీలు చూపించిందో, తిప్పినప్పుడు అంకె గెంతిందో లేదో ఆ కాగితం మీద రాయాలని నియమం పెట్టండి. దానికి కొత్త మిషను అక్కర్లేదు. మాస్టారు ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినాయన. ఆయన తెచ్చిన కాగితం మీద ఆ 11 కనిపించి ఉంటే, అక్కడే నిలదీసి అడిగేవారు.

ఇట్లు,
ఆటోనగర్ మెకానిక్ ఒకరు,
విజయవాడ