మాట వినే ఇల్లు మనకు అవసరమా?

గల్ఫ్ దేశాల నుంచి సెలవులకు వచ్చే పిల్లలు ఇప్పుడు ఖర్జూరాలు, అత్తరులతోపాటు స్మార్ట్ ప్లగ్గులు, కెమెరాలు కూడా తెస్తున్నారు. ఫోనుతో వెలిగే దీపం, మాట చెబితే తిరిగే ఫ్యాను ఇంటిల్లిపాదినీ ముచ్చటగొలుపుతాయి. అయితే సెలవు ముగిసి కుమారుడు విమానమెక్కిన తరువాత ఆ ఏర్పాటును ఎవరు చూసుకుంటారు? డబ్బు, శ్రమ వెచ్చించే ముందు ఇంటి పెద్దలు ఆలోచించవలసిన విషయమిది.

మొదట పొదుపు సంగతి చూద్దాం. 9 వాట్ల ఎల్‌ఈడీ దీపాన్ని రోజూ 2 గంటలపాటు ఆర్పడం మరచినా, నెలకు వృథా అయ్యేది సుమారు అర యూనిట్ మాత్రమే. దాన్ని కాపాడడానికి వేల రూపాయలు పోయడం పొదుపు అనిపించుకోదు. పైగా వై-ఫై బల్బు ఆరి ఉన్నప్పుడు కూడా ఆజ్ఞ కోసం ఎదురుచూస్తూ కొద్దిపాటి విద్యుత్తు తీసుకుంటూనే ఉంటుంది. అదే, 75 వాట్ల పాత ఫ్యాను స్థానంలో 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను బిగిస్తే, రోజుకు 15 గంటల వాడకానికి నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. దానికి ఇంటర్నెట్‌తో పనే లేదు.

మరి ఈ సాధనాల వల్ల మేలు లేదా? ఉంది. మిద్దె మీది నీళ్ల ట్యాంకునే తీసుకోండి. నిమిషానికి 30 లీటర్లు తోడే మోటారును 10 నిమిషాలు ఆలస్యంగా ఆపితే 300 లీటర్లు కాలువ పాలవుతాయి. పారే నది ఒడ్డున వుజూ చేస్తున్నా నీటిని దుబారా చేయరాదని నేర్చుకున్నవాళ్లం మనం. ట్యాంకు నిండగానే మోటారును ఆపే పరికరం ఈ నష్టాన్ని నివారిస్తుంది. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కే తల్లికి ఆ బాధ తప్పుతుంది. అలాగే, కదలికను గుర్తించి వెలిగే చిన్న దీపం స్నానాల గది దారిలో ఉంటే, తహజ్జుద్‌కు లేచే వృద్ధులు చీకటిలో తడబడే ప్రమాదం తగ్గుతుంది. ఈ రెండింటికీ ఫోను అక్కరలేదు.

ఇక ఇంటర్నెట్‌పై ఆధారపడే వాటి సంగతి. ఇన్‌స్టియాన్ అనే అమెరికా కంపెనీ 2022 ఏప్రిల్‌లో హఠాత్తుగా తన సర్వర్లను నిలిపివేసింది. డబ్బు పెట్టి కొన్న వినియోగదారుల ఫోన్లలో యాప్ ఒక్కసారిగా పనిచేయకుండా పోయింది. వస్తువు మన గోడకు ఉన్నా, దాని తాళం పరాయి చేతిలో ఉన్నదన్నమాట.

కెమెరాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 2016లో 'మిరాయ్' అనే హానికర ప్రోగ్రాం, తయారీదారు ఇచ్చిన పాస్‌వర్డ్‌ను మార్చని కెమెరాలను, రూటర్లను పెద్ద ఎత్తున వశపరచుకుంది. అనుమతి లేనిదే పరుల ఇంట్లోకి తొంగిచూడరాదన్నది మన మర్యాద. అలాంటిది, స్త్రీలు మసలే గదిలోకి మనమే ఒక కిటికీ తెరిచిపెట్టడం సమంజసమా? కెమెరా పెట్టవలసివస్తే వీధి గుమ్మం వద్ద పెట్టండి, పాస్‌వర్డ్ మార్చండి. అమ్మ క్షేమం తెలుసుకోవడానికి రోజూ సాయంత్రం ఆమెకు ఫోను చేయండి. కెమెరాలో చూసుకుంటే కుమారుడికి నిశ్చింత కలగవచ్చు, కానీ ఆమెతో ఎవరూ మాట్లాడినట్లు కాదు.

కాబట్టి ఏ పరికరమైనా కొనే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఇంట్లో ఎవరి రోజువారీ కష్టాన్ని తగ్గిస్తుంది? ఇంటర్నెట్ లేనప్పుడు గోడ మీది స్విచ్ యథావిధిగా పనిచేస్తుందా? ఇంట్లో అందరికంటే పెద్దవారు ఎవరి సహాయమూ లేకుండా దీన్ని వాడగలరా? మూడింటికీ తృప్తికరమైన జవాబు దొరికితే తెచ్చుకోండి. ఒక్కొక్కటిగా బిగించి, రెండు నెలలు వాడి చూసి, ఆ తరువాతే రెండోదాని గురించి ఆలోచించండి. వాడే విధానాన్ని, ఎలక్ట్రీషియన్ నెంబరును పెద్ద అక్షరాలతో రాసి స్విచ్ బోర్డు పక్కన అంటించడం మరువకండి.