తప్పు రావాలి... అదే తప్పు రావాలి!

మాదాపూర్‌లోని సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఆఫీసుల్లో కొందరి ఉద్యోగం చిత్రంగా ఉంటుంది. ప్రోగ్రామ్‌ను కావాలనే ఫెయిల్ చేయించడం వాళ్ల పని!

కిరాణా కొట్లో ఫోన్‌తో డబ్బు పంపామనుకోండి. బ్యాంకు జవాబు కాస్త ఆగి వస్తుంది. ఈలోగా ప్రోగ్రామ్ వేరే పని చూసుకుంటుంది. ఇదే ఎసింక్రనస్ పద్ధతి. జవాబు ఎంతకీ రాకపోతే 'ఇంకా తేలలేదు, ఆగండి' అనాలి. 'విఫలమైంది' అందో, మనం మళ్లీ పంపుతాం. డబ్బు రెండుసార్లు పోవచ్చు. అందుకే తప్పు రావడమే కాదు, అనుకున్న తప్పే రావాలి.

చిక్కేమిటంటే, జవాబు కోసం ఆగమని టెస్టులో రాయకపోతే అది ఏమీ చూడకుండానే 'పాస్' అనేస్తుంది. పిల్లాడు నోరు తెరవకముందే మాస్టారు నూటికి నూరు వేసేసినట్టన్నమాట!

దీనికి మందు 'అవెయిట్'. అంటే 'ఆగు' అని. జావాస్క్రిప్ట్ ప్రమాణంలో ఈ మాట 2017లో చేరింది. జెస్ట్ అనే టెస్టింగ్ సాధనంలో దీనికి 'రిజెక్ట్స్', 'టు త్రో' జతచేస్తే వచ్చింది ఏ తప్పో కూడా సరిచూస్తుంది. 'ఎక్స్‌పెక్ట్.అసెర్షన్స్(1)' అని రాస్తే, ఆ ఒక్క తనిఖీ జరగకపోయినా ఫెయిలే.

ఇంకో తేలిక చిట్కా ఉంది. కోడ్‌ను కాసేపు కావాలనే చెడగొట్టి చూడటం. అప్పుడు కూడా టెస్టు పచ్చగానే ఉంటే... ఆ పచ్చదనాన్ని నమ్మకూడదు!