టిఫిన్ బండికి నిలువ నీడ

తెల్లవారకమునుపే హనుమకొండకును యాదగిరిగుట్టకును పోవు బస్సుల కొఱకు హైదరాబాదులోని ఉప్పల్ చౌరస్తా చేరు ప్రయాణికులును, నాచారం పారిశ్రామికవాడలో రాత్రి షిఫ్టు ముగించి యిండ్లకు మరలు కార్మికులును, అచ్చటి ఈఎస్ఐ ఆసుపత్రిలో రోగులకు తోడుండి నిద్రలేక గడపిన బంధువులును తొలుత వెదకునది టిఫిన్ బండినే. ఆవిరులు గ్రక్కు ఇడ్లీపాత్ర, పెనముపై చుయ్యిమను దోశ, మూకుడులో తేలు మైసూరు బజ్జీలు, పల్లీల చట్నీ, కారంపొడి—వీనితో నిండిన ఆ వంటశాల లేనిచో శ్రమజీవికి ఆ వేళ వేడి యాహారము చవుకగా దొరకుట దుర్లభము. అయినను ఆ బండికి నేడున్న చోటు రేపుండునను భరోసా లేదు.

జపాను దేశమున నేడు జనులు బారులు తీరి నిలిచి భుజించు రామెన్ అను చారునూడుల్సు సైతము ఇట్టి వీథిసంతానమే. చీనా వలసదారుల వంటగా ఆ దేశమున కాలుమోపి, 1910లో టోక్యోలోని అసకుసలో వెలసిన రైరైకెన్ దుకాణముతో ప్రసిద్ధి గాంచి, ద్వితీయ ప్రపంచయుద్ధానంతరము బియ్యమునకు కఱవు వచ్చి అమెరికా గోధుమపిండి దిగుమతియైన దినములలో, యతాయి అనెడు తోపుడుబండ్ల మీద అది ఆకలిగొన్న నగరములను పోషించినది. ఆ వంటకే 2015లో, త్సుతా అను చిన్న దుకాణమున, భోజనశాలలకు శ్రేణులిచ్చు మిషెలిన్ మార్గదర్శి వారి తారక లభించినది. బీదల బండిమీద పెరిగిన రుచి యంతటి గౌరవమునకు నోచుకొనుట నాకు మిక్కిలి సంతోషకరముగా తోచును.

అంతకన్న మనకు ముఖ్యమైనది ఫుకువోకా నగరపు ఉదాహరణము. పందియెముకల చారుతో చేయు రామెన్‌కు పేరొందిన ఆ నగరమున కొత్తవారికి అనుమతులు నిలిపివేయుటచే యతాయిల సంఖ్య ఏటేట క్షీణింపగా, నగరపాలకులు 2013లో ప్రత్యేక శాసనము చేసి, బండి నిలువవలసిన చోటును, కొలతను, వేళను, పాటింపవలసిన శుభ్రతను నిర్ణయించి, పిమ్మట బహిరంగముగా దరఖాస్తులు పిలిచి కొత్త వర్తకులను ఎన్నుకొనిరి. పగలెల్ల కాలిబాట పాదచారులది. సాయంకాలమైన పిమ్మటనే యతాయి వచ్చి నిలుచును.

కాలిబాట యంతయు బండ్లే ఆక్రమించినచో వృద్ధులును బాలురును వాహనముల నడుమ నడువవలసి వచ్చుననెడు ఆక్షేపణ న్యాయమైనదే. దానిని నేను తేలికగా త్రోసివేయను. అందులకు ఉపాయము తఱిమివేయుట గాదు, చోటు చూపుట. మన దేశమునను 2014లోనే వీథి వ్యాపారుల చట్టము వచ్చినది. సర్వే ముగించి ధ్రువపత్రము లీయక పూర్వము ఎవ్వరిని తొలగింపరాదనియు, పట్టణ విక్రయ సంఘమున వ్యాపారుల ప్రతినిధులు నూటికి 40 మందికి తక్కువ గాకుండవలెననియు అందున్నది. చట్టము చక్కనిది, అది కాగితము దిగి కాలిబాటకు రావలెను.

ఉప్పల్‌కు 2017లో మెట్రో వచ్చినది, 2023లో పాదచారుల కొఱకు ఆకాశమార్గము వచ్చినది. నడచువారికి అంతటి సౌకర్యము కల్పించిన ప్రణాళికాబుద్ధియే వండి పెట్టువారికిని చోటు చూపవలెను. చౌరస్తా సమీపమునను, నాచారం పారిశ్రామికవాడ ద్వారములయొద్దను, ఆసుపత్రి వీథిలోను గీతలు గీచి, నీటికొళాయియు చెత్తకుండియు అమర్చి, ఉదయపు వేళలు నిర్ణయించి, ఆయా బండ్లవారికి ధ్రువపత్రములు చేతికీయవలెనని నగరపాలక సంస్థను కోరుచున్నాను.